బయోడీజిల్ 20 శాతం కలిపి పది నెలలు వాడాను: రోజూ తిరిగే ఇంజిన్‌కి పర్వాలేదు, పడుకున్న జనరేటర్‌కి మాత్రం వద్దు

కొన్నది ఏంటో ముందు చెప్పేస్తాను. భీమవరం నుంచి మా వైపు వచ్చే రోడ్డు పక్కన, మూతపడిన రైసు మిల్లు ఆవరణలో ఒకాయన ట్యాంకు పెట్టి బయోడీజిల్ అమ్ముతున్నాడు. ఆకుపచ్చ బోర్డు, దాని మీద ఆకు బొమ్మ, కింద "రొయ్యల చెరువుల జనరేటర్లకు ప్రత్యేకం" అని రాసి ఉంటుంది. ఆ లైను గుర్తు పెట్టుకోండి, నా గొడవంతా దాని మీదే. షాపు పేరు రాయను. ఇలాంటి ట్యాంకులు చుట్టుపక్కల ఇంకా లేచాయి, ఒక్కడి మీద రాసి మిగతా వాళ్ళని వదిలేసినట్టు అవుతుంది. అదీకాక నేను చెప్పేది సరుకు గురించి, ఆయన గురించి తక్కువ.

మాది కాళ్ళ మండలం. నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు, ఎకరంన్నర వరి. ఇంజిన్ల సంగతి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు కాబట్టి వినండి. నీళ్ళు తోడే పది హెచ్‌పీ ఇంజిన్ ఒకటి, మా నాన్నగారు కొన్నది, రోజూ నాలుగు గంటలు తిరుగుతుంది, అది తిరగకపోతే నాకు పొద్దు గడవదు. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకి 25 కేవీఏ జనరేటర్ ఒకటి, కరెంటు పోతేనే దానికి పని. ఇవి కాక రాజోలు దగ్గర మా బావగారి పాత ట్రాక్టర్, నా బొలెరో. బొలెరో బీఎస్6 బండి, అంటే కొత్త పొగ నిబంధనలకి తగ్గట్టు చేసింది, దాంట్లో ఒక్క చుక్క కూడా పోయలేదు, ఎందుకో తర్వాత చెప్తాను.

ఎందుకు కొన్నానంటే డబ్బు కోసమే. పర్యావరణం అని అబద్ధం ఆడను. నేను మొదటిసారి వెళ్ళిన రోజు బంకులో డీజిల్ 97 చిల్లర ఉంది, ఈయన 89కి ఇచ్చాడు. అంటే లీటరుకి ఎనిమిది రూపాయలు తక్కువ. విన్నవాళ్ళెవరికైనా ఆశ పుడుతుంది కదా. కానీ మనం కలిపేది 20 శాతమే అన్న సంగతి ఆ ఆశలో మర్చిపోతాం. 200 లీటర్ల డ్రమ్ములో 160 బంకు డీజిల్, 40 బయో. నలభైని ఎనిమిదితో గుణిస్తే 320 రూపాయలు. డ్రమ్ముకి మిగిలేది అంతే. ఈ 320ని కాస్త పట్టుకోండి, చివర్లో లెక్క తీద్దాం.

ఆయన అమ్మకం మాటలు కూడా చెప్పాలి. "సార్, డీజిల్ ఇంజిన్ కనిపెట్టినాయనే వేరుశనగ నూనెతో నడిపాడు, ఇప్పుడు పెట్రోలు కంపెనీల వాళ్ళు మనకి ఆ సంగతి చెప్పట్లేదు" అన్నాడు. సగం నిజం. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ వాళ్ళు ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ని వేరుశనగ నూనెతో నడిపిన మాట వాస్తవం, అది ఫ్రెంచి ప్రభుత్వం అడిగితే చేసిన ప్రయోగం. అయితే అది నూనెని నూనెలాగే పోసిన కథ. ఇక్కడ అమ్మేది నూనె కాదు. ఈ తేడా మా ఊళ్ళో చాలామందికి తెలియదు, అందుకని కాస్త ఆగి చెప్తాను.

పచ్చి నూనె, అది కానుగైనా పామాయిలైనా వంటింట్లో మాడిపోయిన నూనైనా, డీజిల్ కంటే పది రెట్లు చిక్కన. ఇంజిన్ లోపలికి ఇంధనం చల్లే నాజిల్ దాన్ని తుంపరగా చల్లలేదు, ధారలా కారుస్తుంది. అది సగం కాలి నాజిల్ మూతి మీద బొగ్గు కడుతుంది, పిస్టన్ రింగులు గాడిలో అతుక్కుపోతాయి. మొదటి వారం ఇంజిన్ బ్రహ్మాండంగా నడిచిందని సంబరపడిన వాళ్ళే మూడో నెలలో బోరు చేయించుకుంటారు. బయోడీజిల్ అంటే ఆ నూనెలో మిథనాల్, కాస్త కాస్టిక్ సోడా లాంటిది వేసి వెచ్చగా కలియబెడితే గ్లిజరిన్ విడిపోయి అడుక్కి దిగుతుంది, పైన పల్చగా తేలేది. రమారమి వంద కిలోల నూనెకి పది కిలోల మిథనాల్ వేస్తే వంద కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. సరిగ్గా చేస్తే పల్చదనంలో డీజిల్‌కి దగ్గరగా వస్తుంది. సరిగ్గా చేయకపోతే గ్లిజరిన్, సబ్బు, మిథనాల్, కాస్టిక్ అన్నీ అందులోనే ఉండిపోతాయి, ఆ సబ్బు మీ ఫిల్టర్లో తేలుతుంది. పులిసిన నూనెతో, తవుడు నూనె లాంటి వాటితో చేసేటప్పుడు ఈ సబ్బు బెడద మరీ ఎక్కువ. తవుడు మిల్లులో ఆడిన దగ్గర్నుంచీ పులవడం మొదలుపెడుతుంది, ఆ పులుపుని ముందు తీయకుండా కాస్టిక్ వేస్తే బయోడీజిల్ బదులు సబ్బు తయారవుతుంది.

మొదటి సరుకు నవంబరులో తెచ్చాను, రెండు ఇరవై లీటర్ల క్యాన్లు. నిమ్మరసం రంగుకీ తేనె రంగుకీ మధ్యలో ఉంది, వాసన పెద్దగా లేదు. పామాయిలు రకం, కొంత వాడేసిన వంట నూనె అని చెప్పాడు. హోటళ్ళలో వాడేసిన నూనెని బయోడీజిల్ వాళ్ళకి ఇప్పించే పథకం ఒకటి 2018 నుంచి ఉంది, ఆహార భద్రతా సంస్థ వాళ్ళది. కాబట్టి ఆ మాట నమ్మదగ్గదే అనిపించింది. డ్రమ్ములో ముందు డీజిల్ పోసి పైన బయో పోశాను, ఎందుకంటే అది బరువు, దానంతట అదే కిందికి దిగుతూ కలుస్తుంది. కింద బయో పోసి పైన డీజిల్ పోస్తే అడుగునే ఉండిపోతుంది. కర్రతో కలియబెట్టడం అదనం.

ఐదో రోజుకల్లా నీళ్ళ ఇంజిన్ ఎగశ్వాస పెట్టింది. వేగం పెరగడం, తగ్గడం, మళ్ళీ పెరగడం, ఆగిపోవడం. మెకానిక్ బాబాయికి ఫోన్ చేస్తే ఆయన ఫోన్లోనే నవ్వాడు. "ఏం పోశారండి కొత్తగా?" అన్నాడు. చెప్పాను. "ఆయ్, ఇంకేం, మీ నాన్నగారి కాలం మడ్డంతా కడిగేసుంటదండి, ఫిల్టర్ విప్పండి" అన్నాడు. విప్పితే నల్లటి ముద్ద. బయోడీజిల్‌కి మడ్డిని కరిగించే గుణం ఉంది. ఇరవై ఏళ్ళుగా ట్యాంకు గోడలకి పట్టినదంతా ఊడదీసి తెచ్చి ఫిల్టర్ మీద పెడుతుంది. ఇది సరుకు లోపం కాదు, అమ్మినాయన ముందే "ఒక ఫిల్టర్ ఎగస్ట్రా పెట్టుకోండి" అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రెండు ఫిల్టర్లు మార్చాక మూడోది శుభ్రంగా ఉంది, ఆ తర్వాత పది నెలల్లో ఇంకొక్కటే మార్చాను.

అది రంగుని కూడా తింటుంది. జనరేటర్ డబ్బా మీద, ట్యాంకు మూత కింద, పోసేటప్పుడు కారిన చోట పెయింటు పొక్కులు లేచి ఊడొచ్చింది. మా ఆవిడ తుడుస్తుంటే గుడ్డకి రంగు అంటుకుని "ఇదేం నూనండీ, గోడ సున్నం కూడా గీకేస్తుందా?" అంది. కారితే వెంటనే తుడవండి.

ఇప్పుడు నీళ్ళ ఇంజిన్ గురించి మంచి మాటలు. నిజంగా మంచి మాటలే. పొగ తగ్గింది, ఇది నా భ్రమ కాదు, సైలెన్సర్ పక్కన ఉన్న గోడ మీద మసి మరక పెరగడం ఆగింది. పొద్దున్నే స్టార్టింగు తేలికైంది. టకటక శబ్దం కాస్త మెత్తబడింది, బయోడీజిల్‌కి సిటేన్ సంఖ్య, అంటే ఇంజిన్‌లో ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె, సాధారణంగా డీజిల్‌కి సమానంగానో ఎక్కువగానో ఉంటుంది కాబట్టి అలా అవ్వడంలో వింతేం లేదు. అమెరికా పర్యావరణ సంస్థ 2002లో వేసిన లెక్కలో 20 శాతం కలిపితే పొగలోని మసి పది శాతం దాకా తగ్గిందనీ, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం రెండు శాతం దాకా పెరిగాయనీ తేలింది. నా ఇంజిన్‌కి అంత కొలిచే సాధనం లేదు, నా దగ్గర ఉన్నది గోడ ఒక్కటే. వాసన మాత్రం మారుతుంది. పొద్దున ఆరింటికి గట్టు మీద నిలబడితే ఎవరో పునుగుల బండి పెట్టినట్టు ఉంటుంది. పక్క చెరువాయన రెండు రోజులు "ఏంటండి టిఫిన్ పెట్టిస్తారా?" అని ఎగతాళి చేశాడు.

మైలేజీ అడుగుతారు. స్వచ్ఛమైన బయోడీజిల్‌లో లీటరుకి డీజిల్ కంటే ఎనిమిది తొమ్మిది శాతం శక్తి తక్కువ. 20 శాతం కలిపితే ఆ తేడా రెండు శాతం లోపే. గంటకి లీటరూ ముప్పావు తాగే ఇంజిన్‌లో అది ముప్పై నలభై మిల్లీలీటర్లు, పుల్ల ముంచి కొలిచే మనకి అది దొరకదు. నాకు తేడా తెలియలేదు. కానీ తెలియకపోవడం, లేకపోవడం ఒకటి కాదు. లెక్క వేస్తే 320 దాదాపు మొత్తం అక్కడే పోతుంది.

మార్చిలో బాబాయి నాజిల్ విప్పి చూశాడు. మొన చుట్టూ బొగ్గు లేదు. బల్ల మీద పంపు కొట్టి చూస్తే తుంపర మంచులా పడింది. "ఈ ఇంజిన్‌కి ఈ నూనె పడిందండి" అన్నాడు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. పైగా ఇప్పుడు వస్తున్న డీజిల్‌లో గంధకం బాగా తీసేస్తున్నారు, ఆ తీసే పనిలో డీజిల్‌కి ఉండే జిడ్డుతనం కూడా పోతుంది, దాన్ని మళ్ళీ ఇవ్వడానికి రెండు శాతం బయోడీజిల్ చాలు. పాత పంపులకి అది కలిసొచ్చే విషయమే.

చెడింది రబ్బరు. పాత ఇంజిన్ పైపులు మామూలు రబ్బరువి. ఐదో నెలకి ట్యాంకు నుంచి పంపుకొచ్చే పైపు ఉబ్బి, నొక్కితే పులిబొంగరం పిండిలా మెత్తగా అయింది, బయట చెమట పట్టినట్టు జిడ్డు. క్లిప్పు దగ్గర గాలి పీల్చడం మొదలుపెట్టింది. గాలి తీయడం, స్టార్ట్ చేయడం, మళ్ళీ గాలి తీయడం, ఒక ఆదివారం మొత్తం అదే పని. బయోడీజిల్‌కి తట్టుకునే వైటాన్ రకం రబ్బరు పైపు వేస్తే ఈ బాధ ఉండదు, అది భీమవరంలో నాకు దొరకలేదు, విజయవాడ ఆటోనగర్ నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించాను. రాగి గొట్టాలు ఉంటే అవి కూడా చూసుకోండి, రాగి, ఇత్తడి, జింకు తగిలితే బయోడీజిల్ త్వరగా చెడుతుంది. నా జనరేటర్‌కి రాగి గొట్టమే ఉంది. అప్పుడు పట్టించుకోలేదు.

డిసెంబరులో ఒక పొద్దున షెడ్డులో క్యాను అడుగున నెయ్యి పేరుకున్నట్టు తెల్లగా కనపడింది. భయపడ్డాను. ఎండ తగిలాక కరిగిపోయింది. పామాయిలుతో చేసిన బయోడీజిల్ చలికి త్వరగా మసకబారుతుంది, పదిహేను డిగ్రీల దగ్గరే మొదలవుతుంది, అందులో గట్టి రకం పామాయిలు వాడితే ఇంకాస్త ముందే. డీజిల్‌లో ఐదో వంతు కలిపాక మన తీరంలో ఆ సమస్య రాదు, నాకైతే రాలేదు. లంబసింగిలో ఇంజిన్ పెట్టుకున్న వాళ్ళు వేరే ఆలోచించుకోవాలి.

రెండో గొడవ మార్చి నెల సరుకుతో. క్యాను ఎత్తితేనే చేతికి తేలిగ్గా అనిపించింది. రంగు కూడా లేతగా, కిరసనాయిలు కంపు. మా ఊళ్ళో బంగారం పని చేసే ఆయన దగ్గర మంచి తూకం ఉంది, ఒక లీటరు సీసాలో కొలిచి పట్టుకెళ్ళాను. 810 గ్రాములు. బయోడీజిల్ ఎప్పుడూ డీజిల్ కంటే బరువు. ప్రమాణం ప్రకారం 15 డిగ్రీల దగ్గర లీటరు 860 నుంచి 900 గ్రాములుండాలి, మన ఎండకి పది గ్రాములు తగ్గినా 850 కింద ఉండదు. డీజిల్ మామూలుగా 820, 840 మధ్య. పచ్చి నూనె 910 పైన. అంటే నాకిచ్చింది బయోడీజిల్ కాదు, ఆ కంపుని బట్టి డీజిల్ కూడా కాదనిపించింది, ఏదో ఫ్యాక్టరీలో వాడే ద్రావకం అయ్యుంటుంది. బయోడీజిల్ పేరు పెట్టి ఇలాంటివి అమ్మడం దేశంలో చాలా చోట్ల పట్టుబడింది. ఇది పైకి కనపడని మోసం, ఎందుకంటే ఇంజిన్ ఆ రోజుకి నడుస్తుంది. జిడ్డు లేని ద్రావకం పంపు లోపల గీతలు పెట్టేది నెలల మీద. ఇంకో ప్రమాదం, అసలు బయోడీజిల్ త్వరగా అంటుకోదు, దాని ఆవిరి మండాలంటే వంద డిగ్రీలు దాటాలి, డీజిల్‌కి మన ప్రమాణంలో కనీసం 35 డిగ్రీలుంటే చాలు. ఆ ద్రావకాలు అంతకంటే ముందే అంటుకునేవైతే షెడ్డులో డ్రమ్ము కాదు, బాంబు పెట్టుకున్నట్టు.

వెనక్కి తీసుకెళ్ళాను. "లోడు మారిపోయింది సార్, కుర్రాడు వేరే ట్యాంకులోంచి పట్టేశాడు" అన్నాడు. డబ్బులు గొడవ చేయకుండా తిరిగిచ్చాడు, అదొక్కటి మెచ్చుకోవాలి. కానీ వేరే ట్యాంకులో అది ఎందుకుంది అంటే మాత్రం టీ చెప్పాడు.

అప్పట్నుంచి ప్రతిసారీ రెండు పనులు చేస్తున్నాను. ఒకటి తూకం. రెండోది, సీసాలో సగం సరుకు, సగం నీళ్ళు పోసి గట్టిగా ఊపి పక్కన పెట్టడం. మంచి సరుకైతే అరగంటలో నూనె పైన, నీళ్ళు కింద, మధ్యలో గీత గీసినట్టు విడిపోతాయి. సబ్బు మిగిలిందైతే మజ్జిగలా తెల్లగా అయిపోయి గంటైనా విడదు. మా ఇంట్లో పచ్చడి సీసా ఒకటి దీనికే కేటాయించాను, మా ఆవిడ దాని మీద ఎర్ర దారం కట్టింది పొరపాటున వంటింట్లోకి రాకుండా. అమ్మేవాడిని ఐఎస్ 15607 టెస్టు రిపోర్టు అడగండి, స్వచ్ఛమైన బయోడీజిల్‌కి మన దేశంలో ఉన్న ప్రమాణం అదే. ఈయన ఫోన్లో ఒక ఫొటో చూపించాడు, తేదీ పెద్దది చేసి చూద్దామంటే స్క్రీన్ ఆపేశాడు.

ఇక ఆగస్టు రాత్రి.

వేసవిలో కరెంటు కోతలు ఎక్కువ కాబట్టి జనరేటర్ ట్యాంకు ఖాళీ అవుతూ నిండుతూ ఉంది. అప్పుడు ఏ ఇబ్బందీ లేదు, గంటకి మూడున్నర నాలుగు లీటర్లు తాగి చక్కగా లాగింది. జూన్ మొదట్లో పంట వేశాం, అప్పుడే ట్యాంకు 20 శాతం కలిపిన దాంతో నింపాను. ఆ తర్వాత రెండు నెలలు కరెంటు దేవుడిలా ఉంది. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడమే. ట్యాంకు ముప్పావు వంతు అలాగే ఉండిపోయింది.

ఆ రోజు వాన, గాలి. రాత్రి ఒంటిగంటా నలభైకి కరెంటు పోయింది. జనరేటర్ మొదటి కొట్టుడుకే లేచింది. ఇరవై ఐదు నిమిషాలు నడిచి, ఎగశ్వాస పెట్టి ఆగింది. ఫిల్టర్ విప్పితే ఈసారి నల్ల మడ్డి కాదు, గోధుమ రంగు జిగురు, చేప పొలుసు మీద ఉంటుందే అలాంటిది. కొత్త ఫిల్టర్ వేశాను. పన్నెండు నిమిషాలు. మళ్ళీ ఆగింది. ఇంకో ఫిల్టర్ లేదు. డెబ్భై రోజుల పంట, అరవై కౌంట్ (కిలోకి అరవై రొయ్యలు) దగ్గరుంది, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ ఎలా పడిపోతుందో చెరువున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. మూడు దాటేసరికి గట్టు వెంబడి రొయ్యల మీసాలు పైకి కనపడ్డాయి. ఆక్సిజన్ బిళ్ళలు చల్లాం, ఉన్నవన్నీ చల్లాం. పక్క చెరువాయన, ఆ పునుగులాయనే, తన జనరేటర్ నుంచి కేబుల్ లాగి ఇచ్చాడు, రెండు ఏరియేటర్లు తిరిగాయి. పంట దక్కింది. నలభై కిలోలు చచ్చి తేలాయి. ఆ రాత్రి నాకు వచ్చిన టెన్షన్‌కి ధర కట్టలేను.

పొద్దున బాబాయి వచ్చి ట్యాంకు అడుగు బోల్టు విప్పాడు. ముందు నీళ్ళు వచ్చాయి, గ్లాసుడు పైనే, తర్వాత ఆ జిగురు ముద్దలు ముద్దలుగా. నేను నూనె బాగోలేదని తిట్టుకుంటుంటే ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "నూనె బాగానే ఉందండి అబ్బాయిగారూ, మీరే దాన్ని పడుకోబెట్టేశారు. పారని నీళ్ళకి పాచి పట్టదా?"

జరిగింది అదే. కొంత ఖాళీగా ఉన్న ట్యాంకు పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతూ గాలి పీల్చి వదులుతుంది. మన డెల్టా గాలి సంగతి తెలుసుగా, ఉప్పు డబ్బా మూత తీసి గంట ఉంచితే నీరు కారుతుంది. ఆ చెమ్మ ట్యాంకులో దిగుతుంది. డీజిల్ నీళ్ళని దాదాపుగా కలుపుకోదు, బయోడీజిల్ దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కలుపుకుంటుంది, చల్లబడినప్పుడు అడుగున వదిలేస్తుంది. ఆ నీళ్ళకీ నూనెకీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటికి బయోడీజిల్ డీజిల్ కంటే ఇష్టమైన మేత, ఎంతైనా చెట్టు నుంచి వచ్చిన నూనె కదా. పైన రాగి గొట్టం, రెండు నెలల పైన నిల్వ, వాన కాలం. నా తప్పు కూడా ఉంది, ఆరు నెలలుగా అడుగు బోల్టు విప్పి నీళ్ళు తీయలేదు. అయితే అంతకుముందు ఎనిమిదేళ్ళు కూడా తీయలేదు, ఉత్త డీజిల్ నన్ను క్షమించింది.

ఇప్పుడు ఆ బోర్డు మీది లైను చదవండి మళ్ళీ. "రొయ్యల చెరువుల జనరేటర్లకు ప్రత్యేకం." ఈ సరుకుకి మన చుట్టుపక్కల ఉన్న ఇంజిన్లన్నిటిలోకీ అస్సలు పనికిరానిది ఏదంటే రొయ్యల చెరువు జనరేటరే. నెలలు ఖాళీగా కూర్చుని, ఒక రాత్రి మాత్రం తప్పకుండా లేవాల్సిన యంత్రం అది. ఆయన దాన్నే బోర్డు మీద రాశాడు, ఎందుకంటే డీజిల్ ఎక్కువ కొని దాచుకునేది మనమే.

నీళ్ళ ఇంజిన్, రోజూ తిరిగే ఆటో, వరి కోత మిషను, పంటు పడవ, వారంలో ట్యాంకు ఖాళీ చేసే ఏ పాత ఇంజిన్‌కైనా ఇది సరే. కోత మిషను సీజను అయ్యాక షెడ్డులో పెట్టేముందు చివరి ట్యాంకు ఉత్త డీజిల్‌తో నడపండి. బావగారి ట్రాక్టర్‌కి నేను అదే చెప్పాను, దాళ్వా (రెండో పంట) దమ్ముల్లో వాడాడు, ఏ పేచీ లేదు, తర్వాత ఆపేశాడు. ఆయన బాధ వేరు. "మా కోనసీమలో కొబ్బరి నూనెతో చేయరా ఇది?" అని అడిగాడు. చేస్తారు, ఫిలిప్పీన్స్‌లో చట్టం పెట్టి మరీ డీజిల్‌లో కొబ్బరి బయోడీజిల్ కలుపుతున్నారు, 2009 నుంచి రెండు శాతం, 2024లో మూడు చేశారు. కొబ్బరి నూనె ధర చెప్పాక ఇద్దరం నవ్వుకున్నాం, తలకి రాసుకోవడానికే ఆలోచించే ధరలో ఇంజిన్‌లో ఎవడు పోస్తాడు. పామాయిలు కూడా అంతే, ఏలూరు వైపు పెదవేగి నుంచి జంగారెడ్డిగూడెం దాకా తోటలున్నాయి గానీ మన దేశానికి వంట నూనే సగం పైగా బయట నుంచి వస్తోంది. ఇండోనేసియా వాళ్ళకి పామాయిలు పొర్లిపోతుంది కాబట్టి 2025లో 40 శాతం దాకా వెళ్ళారు. మన 2018 జీవ ఇంధన విధానం లక్ష్యం 2030కి ఐదు శాతం, అది కూడా వాడేసిన నూనె, తినని గింజల నూనె మీద ఆధారపడి.

బొలెరోలో ఎందుకు పోయలేదంటే, కొత్త ఇంజిన్లలో పొగ వడకట్టే ఫిల్టర్‌ని కాల్చి శుభ్రం చేయడానికి డీజిల్‌ని ఆలస్యంగా మరోసారి చల్లే పద్ధతి ఉంటుంది, బయోడీజిల్ త్వరగా ఆవిరవ్వదు, సిలిండర్ గోడల వెంట దిగి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. బంకు డీజిల్‌లోనే ఏడు శాతం దాకా కలపడానికి డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ఒప్పుకుంటుంది, దానికి కంపెనీలు సిద్ధపడి ఉంటాయి. మీరు సొంతంగా 20 కలిపితే వారంటీ మీద ఏమంటారో షోరూములో కాగితం మీద రాయించుకోండి, నోటి మాట వద్దు.

లెక్క. పది నెలల్లో నీళ్ళ ఇంజిన్ రమారమి రెండు వేల లీటర్లు తాగింది, అందులో బయో 400. ఎనిమిది చొప్పున 3,200 మిగిలింది. ఫిల్టర్లు, ఆటోనగర్ పైపు, పార్సిల్, బాబాయి కూలి కలిపి 2,400. మిగిలిన 800లో మైలేజీ తేడా తీసేస్తే లాభం కాదు, నష్టమే. రెండో ఏడాది పైపు, మొదటి ఫిల్టర్ల ఖర్చు ఉండదు గానీ, మైలేజీ తేడా తీసేస్తే అప్పుడూ పెద్దగా మిగిలేదేం లేదు. జనరేటర్ లెక్క రాయను, నలభై కిలోల రొయ్యల ధర మీకూ తెలుసు. యానాం దగ్గరున్న కోనసీమ వాళ్ళకి ఈ లెక్కే అనవసరం, అక్కడ బంకులో ఉత్త డీజిలే మన కంటే తక్కువకి వస్తుంది.

స్టార్లు ఇవ్వమంటే మంచి బయోడీజిల్‌కి, రోజూ తిరిగే పాత ఇంజిన్లో, ఐదుకి నాలుగు. స్టాండ్‌బై జనరేటర్లో ఒకటి, అది కూడా స్టార్ట్ అయినందుకు. షాపుకి రెండు, డబ్బు తిరిగిచ్చినందుకు ఒకటి, టీకి ఒకటి.

మొన్న ఆయనే ఫోన్ చేశాడు, "సార్, ఈసారి కానుగ నూనెది వస్తోంది, ఫస్ట్ క్లాస్" అని. ఒక లీటరు సీసాలో పట్టించి పంపండి, తూచి చెప్తాను అన్నాను. సరే సార్ అన్నాడు. పదకొండు రోజులైంది, సీసా ఇంకా రాలేదు.